బాలానగర్ బడి

హైదరాబాద్‌లో కూకట్‌పల్లి నుంచి బాలానగర్ వైపు వెళ్తుంటే ఐడీపీఎల్ అన్న పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. చౌరస్తాకు అదే పేరు, కాలనీకీ అదే పేరు. ఆ నాలుగు అక్షరాల వెనక ఓ పెద్ద మందుల ఫ్యాక్టరీ ఉండేదని నగరానికి కొత్తగా వచ్చినవాళ్లకు తెలియదు. ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ లిమిటెడ్ 1961లో పుట్టింది, 1992లో ఖాయిలా పరిశ్రమగా తేలింది. జమాఖర్చుల లెక్కలో అది నష్టపోయిన ప్రభుత్వ సంస్థ. కానీ హైదరాబాద్ మందుల పరిశ్రమ చరిత్ర రాసేవాళ్లెవరైనా ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర నుంచే మొదలుపెట్టాలి. బాలానగర్ పెట్టుబడి మనుషుల రూపంలో తిరిగొచ్చింది.

అసలు ఆ ఫ్యాక్టరీ ఎందుకు అవసరమైందో ముందు చెప్పుకోవాలి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా మన దేశంలో 1911 నాటి పేటెంటు చట్టమే నడిచింది. మందు మీద పేటెంటు ఉన్న విదేశీ కంపెనీ దాన్ని ఇక్కడ తయారు చేయకపోయినా, ఇంకెవరినీ తయారు చేయనివ్వకుండా ఆపగలిగేది. సరుకు ఓడల్లో దిగేది, ధర వాళ్లు చెప్పిందే. అమెరికా సెనేట్‌లో మందుల ధరల మీద విచారణ జరిపిన ఎస్టెస్ కెఫావర్ కమిటీ, కొన్ని మందుల విషయంలో ప్రపంచంలోకెల్లా ఎక్కువ ధరలున్న దేశాల్లో భారత్ ఒకటని తేల్చింది. పేద దేశంలో ఖరీదైన మందులన్నమాట. ప్రభుత్వం తానే రంగంలోకి దిగక తప్పలేదు. 1954లో పుణే పక్కన పింప్రిలో హిందుస్థాన్ యాంటీబయోటిక్స్ మొదలైంది. తర్వాత సోవియట్ సాయంతో ఐడీపీఎల్ వచ్చింది. రుషికేశ్‌లో యాంటీబయోటిక్స్, మద్రాసులో శస్త్రచికిత్స పరికరాలు, హైదరాబాద్‌లో రసాయనాలతో చేసే సింథటిక్ మందులు.

సల్ఫా మందులు, అనాల్జిన్, విటమిన్లు ఇక్కడ తయారయ్యేవి. యంత్రాలూ డిజైనూ సోవియట్లవి. నడిపేవాళ్లు మనవాళ్లు. కాలేజీలో కెమిస్ట్రీ చదివి, జీవితంలో మొదటిసారి రియాక్టర్ ముందు నిలబడ్డ కుర్రవాళ్లు.

వాళ్లకు అక్కడ దొరికిన చదువు ఎలాంటిదో చూడాలంటే ఒక్క రియాక్టర్ దగ్గర కాసేపు ఆగాలి. ల్యాబ్‌లో లీటరు ఫ్లాస్కులో చేసిన చర్యను 1000 లీటర్ల రియాక్టర్లోకి ఎక్కించాలనుకుందాం. పాత్ర పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి రెట్లు పెరిగితే దాని గోడల వైశాల్యం 100 రెట్లు పెరుగుతుంది, లోపలి సరుకు 1000 రెట్లు పెరుగుతుంది. అంటే లీటరు సరుకుకు వేడిని బయటికి లాగేసే గోడ పదో వంతుకు పడిపోయిందన్నమాట. ఫ్లాస్కును ఐసు నీళ్లలో పెడితే చల్లగా సాగిన చర్య, రియాక్టర్లో అదుపు తప్పి మరిగిపోవచ్చు. నలుగురికి వండే చేయి పెళ్లి వంటకు పనికిరాదన్నట్టే ఇదీ. కొలతలు పెంచుకుంటూ పోతే సరిపోదు.

ఇంతవరకు పుస్తకంలో ఉంటుంది. ఆ పైన ఉన్నది పుస్తకంలో ఉండదు. యాసిడ్‌ను ఎంత నెమ్మదిగా వదలాలి, చల్లటి ఉప్పునీళ్ల (బ్రైన్) వాల్వు ఎప్పుడు పూర్తిగా తెరవాలి, కలియబెట్టే మోటారు మోత మారితే లోపల సరుకు చిక్కబడినట్టా, గడ్డకట్టినట్టా? స్ఫటికాలు మరీ సన్నగా వస్తే సెంట్రిఫ్యూజ్ గుడ్డ పట్టేసి గంటలో అయ్యే వడపోత షిఫ్టంతా సాగుతుంది. అలా రాకుండా ఏ వేడి దగ్గర చల్లార్చడం ఆపాలి, ఎప్పుడు పిడికెడు పాత స్ఫటికాలను విత్తనంగా వేయాలి? ఇవన్నీ పక్కన నిలబడి చూపించేవాడుంటేనే వస్తాయి. బ్యాచ్ పాడైతే ఎందుకు పాడైందో చెప్పే మనిషి కావాలి. అంతకంటే ముఖ్యంగా, బ్యాచ్ పాడైనందుకు ఉద్యోగం పోని చోటు కావాలి. ప్రైవేటు యజమాని సొంత సొమ్ముతో అలాంటి చోటు ఇవ్వడం కష్టం. ప్రభుత్వ ఫ్యాక్టరీ ఇచ్చింది. సోవియట్ పద్ధతుల్లో కొన్ని అప్పటికే పాతబడ్డాయని, దిగుబడులు తక్కువని ఐడీపీఎల్ మీద విమర్శలున్నాయి. అవి నిజమే కావచ్చు. కానీ బాగా లేని పద్ధతిని రోజూ సరిదిద్దుకుంటూ పనిచేసిన కెమిస్టు, అన్నీ అమర్చిన చోట మీటలు నొక్కినవాడికంటే ఎక్కువే నేర్చుకుంటాడు.

1970లో కొత్త పేటెంటు చట్టం వచ్చింది, 1972 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక దానికి పునాది. ఇకనుంచి మందుల విషయంలో పేటెంటు తయారీ పద్ధతికే, మందుకు కాదు. అదీ మహా అయితే ఏడేళ్లు. అదే మందును మరో దారిలో తయారు చేయగలిగితే ఎవరైనా అమ్ముకోవచ్చు. హైదరాబాద్ ఎదుగుదల అంతా ఈ చట్టం పుణ్యమేనని చెప్పడం మామూలైపోయింది. చట్టం తలుపు తెరిచింది, అందులో సందేహం లేదు. అయితే ఆ తలుపు దేశమంతటికీ ఒకేసారి తెరుచుకుంది. మరో దారి వెతకడం తెలిసినవాళ్లు గుంపుగా ఉన్న ఊళ్లే ముందు నడిచాయి. బొంబాయికి, అహ్మదాబాద్‌కు వాటి గురువులు వాటికున్నారు. హైదరాబాద్‌కు ఉన్నవాళ్లెవరో వెతికితే దారి గుంటూరు మీదుగా బొంబాయికి, అక్కడి నుంచి పుణేకు, ఇంకా వెనక్కి వెళ్తే ఇంగ్లండులోని మాంచెస్టర్‌కు తీసుకెళ్తుంది.

మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర రసాయన శాస్త్రం నేర్చుకున్న మద్రాసు మనిషి కృష్ణసామి వెంకటరామన్. ఆ గురువుకు 1947లో నోబెల్ బహుమతి వచ్చింది. శిష్యుడు అంతకు ముందే ఇండియాకు తిరిగొచ్చి, 1938లో బొంబాయి యూనివర్సిటీ కెమికల్ టెక్నాలజీ విభాగానికి మొదటి భారతీయ డైరెక్టరయ్యారు. అందరూ యూడీసీటీ అని పిలిచే ఆ విభాగం 1933లో బట్టల మిల్లులను దృష్టిలో పెట్టుకుని మొదలైంది. వెంకటరామన్ ప్రత్యేకత అద్దకపు రంగుల రసాయనం. అద్దకానికీ మందులకూ దగ్గరి చుట్టరికం ఉంది. 1930లలో జర్మనీలో తయారైన తొలి సల్ఫా మందు ప్రాంటోసిల్, ఎర్ర రంగు పరిశోధనలోంచే బయటపడింది. రంగులు చేయడం తెలిసినవాడికి మందులు చేయడం పరాయి పని కాదు. 1957లో వెంకటరామన్ పుణే నేషనల్ కెమికల్ లేబొరేటరీకి కూడా మొదటి భారతీయ డైరెక్టరయ్యారు.

గుంటూరు ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీలో బీఎస్సీ చదివి యూడీసీటీకి వెళ్లినవాళ్లలో ఇద్దరి పేర్లు ఈ కథకు ముఖ్యం. ఒకరు అల్లా వెంకట రామారావు, మరొకరు కల్లం అంజిరెడ్డి. రామారావు గుంటూరువారు, అంజిరెడ్డి తాడేపల్లిలో పసుపు రైతు కొడుకు. ఇద్దరూ బొంబాయి తర్వాత పుణే చేరారు. రామారావు వెంకటరామన్ దగ్గరే పీహెచ్‌డీ చేశారు. అంజిరెడ్డి కెమికల్ ఇంజనీరింగ్ వైపు వెళ్లి అక్కడే ఎల్.కె. దొరైస్వామి శిష్యులయ్యారు.

ఆ గురుశిష్యులు కలిసి 1967లో ఓ చిన్న వ్యాసం అచ్చు వేశారు. ఒక ద్రవంలో కరిగిన పదార్థం ఎంత వేగంగా వ్యాపిస్తుందో, ప్రయోగం చేయకుండానే అంచనా వేసే సమీకరణం అందులో ఉంది. కెమికల్ ఇంజనీర్లు దాన్ని రెడ్డి-దొరైస్వామి సమీకరణం అంటారు. మందుల వ్యాపారవేత్తగా దేశమంతా ఎరిగిన మనిషి పేరు, ఆయన ఫ్యాక్టరీ పెట్టడానికి ఎన్నో ఏళ్ల ముందే, గురువు పేరు పక్కన ఇంజనీరింగ్ గ్రంథాలకెక్కింది. దొరైస్వామి శిష్యుడికి వ్యాపారం నేర్పలేదు. రియాక్టర్ లోపల కంటికి కనిపించకుండా ఏం జరుగుతోందో లెక్క కట్టే అలవాటు నేర్పారు. వ్యాపారంలో అంజిరెడ్డికి ఉన్న మిగతా బలాలన్నీ దీని తర్వాతే అనిపిస్తుంది.

1969లో పీహెచ్‌డీ పట్టాతో ఆయన ఐడీపీఎల్‌లో చేరారు. ఆరేళ్లు పనిచేశారు. 1975లో బయటికొచ్చి, మరుసటి ఏడాది భాగస్వాములతో యూనిలాయిడ్స్ పెట్టారు. అక్కడి నుంచి తప్పుకుని 1980లో స్టాండర్డ్ ఆర్గానిక్స్. అక్కడినుంచీ తప్పుకుని 1984లో, 25 లక్షల రూపాయల పెట్టుబడితో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్. మూడో ప్రయత్నంలో గాని తన పేరు బోర్డు మీదికి రాలేదు. సొంత కంపెనీ మొదట చేతపట్టిన మందు మిథైల్‌డోపా, రక్తపోటు మందు. అమెరికా కంపెనీ మెర్క్ ఆల్డోమెట్ పేరుతో అమ్మేది. దాన్ని ఇక్కడ చేసి, విదేశాలకు అమ్మగలిగిన నాణ్యతకు తీసుకెళ్లారు. ఆ తర్వాత నార్‌ఫ్లాక్ససిన్, ఒమెప్రజోల్ వంటి మందుల ధరలు మన దేశంలో ఎలా దిగివచ్చాయో ఆ రోజుల్లో మందుల షాపు నడిపినవాళ్లకు బాగా గుర్తుంటుంది.

ఇక్కడ వరస తిరగబడుతుంది. నిన్నటి శిష్యుడు గురువు స్థానంలోకి వచ్చాడు.

అమెరికాలో ఫార్మా రంగంలో పనిచేసి 1984లో తిరిగొచ్చిన మురళి దివి, అంజిరెడ్డితో కలిసి కెమినార్ అనే కంపెనీ బాధ్యతల్లోకి దిగారు. ఆరేళ్ల తర్వాత బయటికొచ్చి 1990లో దివీస్ రీసెర్చ్ సెంటర్ పెట్టారు. గమనించాల్సింది ఆ పేరులోని రీసెర్చ్ అన్న మాట. ముందు ఫ్యాక్టరీ కట్టలేదు. వేరే కంపెనీలకు తయారీ పద్ధతులు తయారుచేసి ఇవ్వడంతో మొదలుపెట్టి, 1995లో గాని చౌటుప్పల్ దగ్గర సొంత ఉత్పత్తికి దిగలేదు. దారి కూడా వేరే ఎంచుకున్నారు. పేటెంటున్న కంపెనీలతో తగవు పెట్టుకోకుండా, వాళ్లకే సరుకు చేసిపెట్టే దారి అది. అంజిరెడ్డి పేటెంట్ల మీద పోరాడి పేరు తెచ్చుకుంటే, ఆయనతో కలిసి పనిచేసిన మనిషి పోరాటం అక్కర్లేని వ్యాపారాన్ని అంతే పెద్దగా కట్టారు. దగ్గరుండి చూసినవాడికే తన దారి ఎక్కడ విడిపోవాలో తెలుస్తుంది. జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, పటాన్‌చెరు ఎస్టేట్లలో ఇలాంటి కథలు చిన్నచిన్నవి ఎన్నో ఉన్నాయి. ఓ కంపెనీలో షిఫ్ట్ కెమిస్టుగా చేరి, ప్రొడక్షన్ మేనేజరై, చిట్టీ డబ్బులూ బావమరిది పొలం అమ్మిన డబ్బులూ కలిపి రెండు రియాక్టర్లతో షెడ్డు తెరవడం అక్కడ మామూలు సంగతి.

నగరానికి ఆ చివర, తార్నాకలో, మరో బడి నడుస్తోంది. నిజాం ప్రభుత్వం 1944లో మొదలుపెట్టిన ప్రయోగశాలలు 1956లో కేంద్ర ప్రభుత్వ పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ చేతికొచ్చి రీజనల్ రీసెర్చ్ లేబొరేటరీ అయ్యాయి, 1989లో ఐఐసీటీ అయ్యాయి. 1985లో దానికి డైరెక్టరుగా పుణే నుంచి వచ్చినవారు రామారావు. మధ్యలో హార్వర్డ్‌లో ఇ.జె. కోరీ దగ్గర పనిచేసి వచ్చారు. ప్రభుత్వ శాస్త్రవేత్త ఫ్యాక్టరీ యజమానితో మాట్లాడితే ఏదో తప్పు చేసినట్టు చూసే రోజుల్లో, ఆయన కంపెనీల సమస్యలను ల్యాబ్‌లోకి ఆహ్వానించారు.

అందులో బాగా చెప్పుకోవాల్సింది ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీ. 1987లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు మన రోగులకు అందని ధరలో ఉండేది. 1990ల తొలినాళ్లలో రామారావు దాని తయారీ పద్ధతిని సిప్లా అధినేత యూసఫ్ హమీద్ ముందుంచారు. సిప్లా 1993లో దాన్ని విదేశీ ధరలో చిన్న వంతుకే మార్కెట్లోకి తెచ్చింది. అప్పటికి ఆ ధర కూడా రోగులకు భారమే, ప్రభుత్వమూ కొనలేదు. అయినా సిప్లా ఆ రంగాన్ని వదల్లేదు. 2001 ఫిబ్రవరిలో మూడు మందుల ఎయిడ్స్ చికిత్సను ఏడాదికి 350 డాలర్లకే సరిహద్దుల్లేని వైద్యుల సంస్థకు ఇస్తానని ప్రకటించింది. అప్పటిదాకా అదే చికిత్స ఏడాదికి 10 వేల డాలర్లు దాటేది. ఆఫ్రికాలో లక్షల ప్రాణాలు నిలబెట్టిన ఆ మలుపుకు ఓ కొస తార్నాకలో ఉంది.

రామారావు దగ్గర పీహెచ్‌డీ చేసినవాళ్లు వందమందికి పైనే. వాళ్లు పాఠాలు చెప్పే ఉద్యోగాలకే పరిమితం కాలేదు. చాలామంది కంపెనీల పరిశోధన విభాగాల్లోకి వెళ్లారు. 1995లో రిటైరయ్యాక ఆయనే అవ్రా లేబొరేటరీస్ పెట్టి 60 ఏళ్ల వయసులో వ్యాపారంలోకి దిగారు.

కెమిస్ట్రీతో సంబంధం లేని మనిషి కూడా ఈ నగరంలో గురువులను వెతుక్కోగలిగాడు. కె.ఐ. వరప్రసాద్ రెడ్డి చదివింది ఎలక్ట్రానిక్స్. హెపటైటిస్-బి టీకా ఇక్కడే తయారు కావాలని పట్టుబట్టి 1993లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. ఉస్మానియా యూనివర్సిటీ ల్యాబ్‌లో, తర్వాత సీసీఎంబీ పరిశోధన సంస్థలో చోటు దొరికింది. ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ పెట్టుబడి పెట్టారు. 1997లో టీకా వచ్చింది. బ్యాంకులు నమ్మని రోజుల్లో నమ్మినవాళ్లు, తెలియని శాస్త్రాన్ని ఓపికగా చెప్పినవాళ్లు లేకపోతే ఆయన పట్టుదల ఒక్కటే సరిపోయేది కాదు.

ఈ వరసలో రెండు లోపాలున్నాయి. వాటిని దాచిపెడితే ఈ చరిత్రకు న్యాయం జరగదు.

మొదటిది, ఈ విద్య అందినవాళ్ల వలయం చిన్నది. ఊరు, కులం, కాలేజీ, బంధుత్వం అనే దారాల మీదే చాలావరకు నడిచింది. పక్కన నిలబెట్టుకుని నేర్పే చదువుకు ప్రవేశ పరీక్ష ఉండదు, పరిచయమే ప్రవేశం. నైట్ షిఫ్టుల్లో అమ్మాయిలు ఉండని రోజులవి. పరిశ్రమ పునాదుల్లో స్త్రీల పేర్లు దాదాపు కనిపించకపోవడానికి తెలివితేటలు కారణం కాదు. ఆ రియాక్టర్ పక్కన నిలబడే అవకాశమే వాళ్లకు రాలేదు.

రెండోది ఇంకా బరువైనది. సెంట్రిఫ్యూజ్‌లో స్ఫటికాలు వేరుపడ్డాక మిగిలే ద్రవాన్ని మదర్ లిక్కర్ అంటారు. అందులో సాల్వెంట్లు, ఉప్పులు, కొంత మందు కలిసి ఉంటాయి. స్ఫటికాల దిగుబడి రెండు శాతం ఎలా పెంచాలో గురువులు శ్రద్ధగా నేర్పారు. ఆ మిగిలిన ద్రవాన్ని ఏం చేయాలో అంత శ్రద్ధగా నేర్పినవాళ్లు తక్కువ. అది పటాన్‌చెరు చుట్టుపక్కల వాగుల్లోకి, చెరువుల్లోకి చేరింది. పంటలు పోయిన రైతులు 1980లలోనే రోడ్డెక్కారు, కోర్టులకెక్కారు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం, సుమారు 90 మందుల యూనిట్ల వ్యర్థజలాలు వచ్చే పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ తేలింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదుకంటే అది ఎక్కువ. శుద్ధి చేశాక ఉన్న పరిస్థితి అది. శిష్యుడు గురువు నేర్పిందే కాదు, గురువు పట్టించుకోనిదాన్ని కూడా వారసత్వంగా తీసుకుంటాడు. ఆ మూల్యం గురువూ శిష్యుడూ కాకుండా ఇసకవాగు, నక్కవాగు ఒడ్డు రైతులు చెల్లించారు.

దారి చూపేవాళ్లు లేనప్పుడు ఏం జరుగుతుందో కూడా ఇదే నగరం చూసింది. తెలిసిన మందుకు కొత్త దారి వెతకడంలో ఆరితేరాక, అంజిరెడ్డి 1993లో అసలు కొత్త మందునే కనిపెట్టాలని రీసెర్చ్ ఫౌండేషన్ పెట్టారు. మందు మీద పేటెంటు మళ్లీ వస్తుందని ఆయన ముందే గ్రహించారు, 2005 నుంచి వచ్చింది కూడా. 1997లో తమ ల్యాబ్‌లో పుట్టిన మధుమేహం మందు బాలాగ్లిటజోన్‌ను డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌కు లైసెన్స్ ఇచ్చారు. ఓ భారతీయ కంపెనీ సొంత అణువును విదేశీ దిగ్గజం తీసుకోవడం అప్పట్లో సంచలనం. వెంటనే మరొకటి, రాగాగ్లిటజార్. 2002 జులైలో, ఎలుకల్లో మూత్రాశయ కణితులు కనిపించాయని దాని ప్రయోగాలు ఆగిపోయాయి.

కణితులను ఏ గురువూ ఆపలేడు. కానీ పది అణువుల్లో దేన్ని ముందుకు తోయాలి, జంతువుల పరీక్షలో కనిపించిన చిన్న తేడాను ఎంత తీవ్రంగా తీసుకోవాలి, చేతిలో ఒక్క అణువే ఉన్నప్పుడు రెండోదాన్ని ఎప్పుడు సిద్ధం చేసుకోవాలి అని చెప్పడానికి, ఓ కొత్త మందును ల్యాబ్ నుంచి మార్కెట్ దాకా నడిపించినవాళ్లు అప్పటికి ఇక్కడ దాదాపు లేరు. మిథైల్‌డోపా చేసేటప్పుడు అంజిరెడ్డి వెనక ఐడీపీఎల్ ఉంది, దొరైస్వామి ఉన్నారు, యూడీసీటీ ఉంది. ఈ పనిలో ఆయన వెనక ఎవరూ లేరు, ఆయనే మొదటివాడు. 2013 మార్చి 15న కన్నుమూసేదాకా ఆ ప్రయత్నం వదల్లేదు.

ఆ ఫౌండేషన్‌లో పనిచేసిన శాస్త్రవేత్తల్లో కొందరు తర్వాత వేరే కంపెనీల పరిశోధన విభాగాలకు వెళ్లారు. అణువు ఎక్కడిదాకా వచ్చి ఎందుకు ఆగిపోయిందో పక్కనుండి చూసినవాళ్లు వాళ్లు. కొత్త మందు కోసం ల్యాబ్ తెరిచే యువకులు, యువతులు ఇప్పుడు వాళ్ల తలుపు తట్టొచ్చు. 1993లో అంజిరెడ్డికి తట్టడానికి అలాంటి తలుపు ఈ నగరంలో లేదు.